సంఘటన మింగేసిన శబ్దం

ఎల్7 అనే అమెరికన్ బ్యాండ్ గురించి ఏ వ్యాసం తెరిచినా ముందు బురద వస్తుంది. 1992 ఆగస్టు, ఇంగ్లండులో రీడింగ్ ఫెస్టివల్. తడిసి ముద్దయిన మైదానం. వేదిక మీద నలుగురు ఆడవాళ్ళు. సౌండ్ పరికరాలు సరిగా పనిచెయ్యక అవస్థ పడుతున్నారు. కింద జనం వాళ్ళ మీదికి బురద ముద్దలు విసురుతున్నారు. గాయని, గిటారిస్టు డొనీటా స్పార్క్స్ తన ఒంట్లోంచి టాంపాన్ తీసి ఆ జనంలోకి విసిరింది. అక్కడితో కథ అయిపోతుంది. ఆ తర్వాత వాళ్ళేం వాయించారో, అసలు వాళ్ళ వాయింపు ఎలా ఉంటుందో చాలా వ్యాసాలకు అక్కర్లేదు.

ముట్టు అనే మాటని ‘బయట ఉన్నాను’ అని తప్ప పలకనివ్వని ఇళ్ళల్లో పెరిగినవాళ్ళం మనం. మీరు విసిరే మట్టి ఆటా, నా నెత్తురు మైలా అని ఒక స్త్రీ వేలమంది ముందు అడిగితే ఆ ప్రశ్న ఎంత సూటిగా తగులుతుందో మనకి ఒకరు వివరించక్కర్లేదు. కాబట్టి నా పేచీ ఆ చర్యతో కాదు, ఆ చర్య దగ్గరే కూచుండిపోయిన విమర్శతో. 1985లో మొదలై 2001లో ఆగి, మళ్ళీ 2015లో వేదికెక్కి, మొత్తం ఏడు ఆల్బమ్‌లు చేసిన ఒక బృందం పనంతా ఆ ఒక్క నిమిషం వెనక్కి పోయింది.

ఇలాంటిది మన దగ్గరా జరిగింది. స్త్రీలు దేహం గురించి రాసినప్పుడు ‘నీలి కవితలు’ అన్నారు. 1993లో ఓల్గా సంపాదకత్వంలో ‘నీలిమేఘాలు’ ఆ ‘నీలి’ని పేరులోనే పెట్టుకుని వచ్చింది. జయప్రభ ‘పైటను తగలెయ్యాలి’ పేరు విననివాళ్ళు తెలుగు సాహిత్యంలో అరుదు. కానీ ఆ కవిత నడక గురించి, పాదం ఎక్కడ విరిగింది, ఊపిరి ఎక్కడ ఆగింది, కోపం ఏ మాట దగ్గర వెటకారంగా మారింది అన్నదాని గురించి ఎన్ని పేజీలు రాశాం? తిట్టినవాళ్ళకీ పైటే కనపడింది, పొగిడినవాళ్ళకీ పైటే కనపడింది. స్త్రీ చేసిన పనిని ఒక ఘటనగా గుర్తుపెట్టుకోవడం, పురుషుడు చేసిన పనిని శిల్పంగా చదవడం మన విశ్వవిద్యాలయాల్లో ఇంకా మామూలే. అందుకే ఈ వ్యాసంలో ఎల్7 శబ్దం గురించి మాట్లాడదామనుకున్నాను. నేను సంగీతం చదువుకున్నదాన్ని కాను, సాహిత్యంలో పరిశోధన చేసినదాన్ని. అయినా చెవులున్నాయి కదా.

సాహిత్యం వాళ్ళం ఈ బృందాన్ని పట్టించుకోకపోవడానికి మా వైపునుంచి ఇంకో కారణం కూడా ఉందని నా అనుమానం. అదే కాలంలో, 1991 ప్రాంతంలో, అమెరికా వాయవ్య మూలనున్న ఒలింపియా అనే ఊళ్ళో ‘రయట్ గర్ల్’ ఉద్యమం మొదలైంది. బికినీ కిల్, బ్రాట్‌మొబైల్ వంటి బృందాలు దాని ముందు వరుసలో ఉన్నాయి. వాళ్ళు పాటలతో పాటు చిన్న పత్రికలు రాశారు, జిరాక్సులు తీసి పంచారు, మానిఫెస్టోలు ప్రకటించారు. అంటే చదవడానికి కాగితం మిగిల్చారు. పరిశోధకులకి కాగితం కనపడితే ప్రాణం లేచొస్తుంది. ఎల్7 వాళ్ళు వయసులో కాస్త పెద్దవాళ్ళు, వేరే నగరం వాళ్ళు, ప్రకటనలు రాసే రకం కాదు. వాళ్ళ వాదమంతా గిటార్ తీగ మీద ఉంది. దాన్ని ఉటంకించలేం, కాబట్టి వదిలేశాం.

లాస్ ఏంజెలెస్‌లో డొనీటా స్పార్క్స్, సూజీ గార్డ్‌నర్ కలిసి ఈ బృందాన్ని మొదలుపెట్టారు. ఎల్7 అంటే 1950ల నాటి వాడుకలో ‘చాదస్తపు మనిషి’ అని. ఎల్ అక్షరాన్నీ 7 అంకెనీ పక్కపక్కన పెడితే చదరం అవుతుంది. ఇంగ్లీషులో చదరం అంటే పాతకాలపు మనిషి అనే ఎగతాళి ఉంది. పేరు చూసి ఆడవాళ్ళ బృందమో మగవాళ్ళ బృందమో చెప్పలేం. ఇది చిన్న విషయంగా అనిపించచ్చు గాని, అప్పటి లాస్ ఏంజెలెస్ ఎలాంటిదో గుర్తుచేసుకుంటే కాదు. సన్‌సెట్ స్ట్రిప్ మీద మగ మెటల్ బృందాలు జుట్టు పెంచి, లిప్‌స్టిక్ పూసుకుని, ఆడవాళ్ళ అలంకారమంతా తామే వేసుకుని, అసలు ఆడవాళ్ళని వీడియోల్లో కార్ల మీద పడుకోబెట్టిన కాలం అది. ఇంకోవైపు హార్డ్‌కోర్ పంక్ ఉంది. అది ఎవరైనా వాయించచ్చు అన్న మాటతో మొదలైంది. కానీ వేదిక ముందు తోపులాట పిడిగుద్దులదాకా వెళ్ళాక, అక్కడ ఆడపిల్లలకి గోడవారనే చోటు మిగిలింది.

ఈ రెండిటి మధ్య ఎల్7 చేసిన ఎంపికలోనే నాకు వాళ్ళ ఆలోచన కనిపిస్తుంది. పంక్ వేగం అందరికీ అందేది: మూడు నాలుగు కార్డులు వస్తే చాలు, రెండు నిమిషాల్లో పాట ముగుస్తుంది. మెటల్ బరువు అలాంటిది కాదు. కింది స్వరాల్లో, గరుకుగా, నెమ్మదిగా కదిలే ఆ రిఫ్‌ల వెనక ‘ఉస్తాదు’ గిటారిస్టు అనే మగ దేవుడు ఉంటాడు. పాట మధ్యలో ఆపి తన వేళ్ళ పనితనం చూపిస్తాడు, అందరూ నోరు తెరుచుకుని చూడాలి. ఎల్7 ఆ దేవుణ్ణి పక్కకి తప్పించి బరువుని మాత్రం తీసుకుంది. వాళ్ళ పాటల్లో సోలోలు ఉన్నా పొట్టిగా, వంకరగా, ఒక్కోసారి వెక్కిరింపులా ఉంటాయి. ఇద్దరు గిటారిస్టులూ ఒకే రిఫ్‌ని కలిసి మోస్తారు. ఒకరు పైకి తేలి మెరవడం తక్కువ. ఇది ‘స్త్రీ సహజ’ గుణమని నేనను. అలాంటి మాటలకి నేను దూరం. ఇది వాళ్ళు ఆలోచించి చేసుకున్న నిర్మాణం.

1988లో ఎపిటాఫ్ నుంచి వచ్చిన మొదటి ఆల్బమ్‌లో ఈ ఆలోచన ఇంకా కుదురుకోలేదు. వేగం ఉంది, రొద ఉంది, రికార్డింగ్ మసకగా ఉంది. అందులో డ్రమ్స్ వాయించింది ఒక మగవాడు. బాస్ మీద జెన్నిఫర్ ఫించ్, 1989లో వచ్చిన డ్రమ్మర్ డీ ప్లాకస్‌తో అందరికీ తెలిసిన నలుగురూ పూర్తయ్యారు. సియాటిల్‌లోని సబ్ పాప్ సంస్థ 1990లో విడుదల చేసిన ‘స్మెల్ ద మ్యాజిక్’ దగ్గర శబ్దం ఒక్కసారిగా ఒళ్ళు చేసింది. అందులో ‘షవ్’ అనే పాట తనని నెట్టేవాళ్ళని తిరిగి నెట్టే మనిషి పాట. మాటల్ని పక్కన పెట్టి వింటే, రిఫ్ కూడా భుజంతో నెడుతున్నట్టే ఉంటుంది. ఒక తోపు, ఒక ఆగడం, మళ్ళీ తోపు. ‘ఫాస్ట్ అండ్ ఫ్రైటెనింగ్’లో వీధిలో ఎవరికీ భయపడని ఒక పిల్లని మిగతా పిల్లలు అబ్బురంగా చూస్తుంటారు. ఆ పిల్లని వర్ణించేటప్పుడు ధైర్యం అనగానే మగ అవయవం పేరు చెప్పే వాడుకని వాళ్ళు తిరగేసి నవ్వుతారు.

1992 ఏప్రిల్‌లో ‘బ్రిక్స్ ఆర్ హెవీ’ వచ్చింది. నిర్వాణా బృందానికి ‘నెవర్‌మైండ్’ చేసిన బుచ్ విగ్ దీనికీ నిర్మాత. ఇక్కడ ఒక తేలికపాటి అభిప్రాయం చలామణిలో ఉంది: విగ్ వీళ్ళ గరుకుదనాన్ని నునుపు చేసి రేడియోకి అమ్మాడని. ఇది ఆడవాళ్ళ పనిని మగవాడి ఖాతాలో రాసే పాత అలవాటు. ఆల్బమ్‌ని శ్రద్ధగా వింటే జరిగింది వేరు. వాళ్ళు వేగం తగ్గించారు. తగ్గించేసరికి ప్రతి దెబ్బకీ చోటు దొరికింది. ఆ చోటు వల్ల బరువు ఇంకా పెరిగింది. ‘డైట్ పిల్’ దాదాపు ఈడ్చుకుంటూ నడుస్తుంది. ఇంట్లో ఉడికిపోతున్న ఒక ఇల్లాలి మనసులోంచి వచ్చే పాట అది. త్వరత్వరగా పాడితే అది కోపం మాత్రమే అయ్యేది. అంత నెమ్మదిగా పాడడం వల్ల ఏళ్ళతరబడి ఊరిన విషంలా వినిపిస్తుంది. ‘వార్‌గ్యాజమ్’ గల్ఫ్ యుద్ధాన్ని టీవీలో చూసి దేశం పొందిన ఉద్రేకాన్ని వేళాకోళం చేస్తుంది. మాటలకన్నా ముందు గిటార్లే ఆ బూటకపు ఉత్సాహాన్ని పెంచి పెంచి పగలగొడతాయి.

‘ప్రెటెండ్ వియ్‌ర్ డెడ్’ వాళ్ళకి పేరు తెచ్చిన పాట. బ్రిటిష్ పట్టికలో 21వ స్థానందాకా వెళ్ళింది. దేశం కళ్ళముందు జరుగుతున్నవాటిని పట్టించుకోకుండా చచ్చినవాళ్ళలా నటిస్తున్న జనం గురించిన పాట ఇది. ఎంత సాదా నిర్మాణం! చిన్న రిఫ్ మొదటినుంచీ చివరిదాకా దాదాపు మారకుండా తిరుగుతుంటుంది. డొనీటా గొంతు పైకి లేవదు, కరగదు, బతిమాలదు. పొడిగా, విసుగ్గా, పళ్ళ మధ్యనుంచి వస్తుంది. స్త్రీ పాడితే రెండే రకాలుగా వినడం మనకి అలవాటు. ఒకటి తియ్యదనం, రెండోది ఏడుపు. మూడోదాన్ని అరుపు అంటాం. ఈ గొంతు ఆ మూడిటిలో దేనికీ చెందదు. ‘నాకు మీతో పని లేదు, కానీ మాట మాత్రం వినండి’ అన్నట్టుంటుంది.

ఈ పాట నేను మొదట విన్నది ఏ రాక్ కచేరీలోనూ కాదు. నేను కాలేజీలో ఉన్నప్పుడు మా తమ్ముడు కంప్యూటర్లో ‘గ్రాండ్ థెఫ్ట్ ఆటో: శాన్ ఆండ్రియాస్’ ఆడేవాడు. 2004లో వచ్చిన ఆట అది. దొంగిలించిన కారెక్కగానే రేడియో మోగుతుంది. ఆ రేడియోలో ఈ పాట ఉంది. ఆడవాళ్ళని మనుషులుగా చూడడం తెలియని ఆ ఆటలో, తెర మీద ఆడవాళ్ళెవరూ మాట్లాడని చోట, ఈ విసుగు గొంతు కారు నిండా పరుచుకునేది. ఎవరు పాడుతున్నారో, ఎలా ఉంటారో, ఏం విసిరారో నాకు తెలీదు. తమ్ముణ్ణి ఆట ఆపి కారు పక్కన పెట్టమనేదాన్ని, పాట అయ్యేదాకా. వాడికి ఒళ్ళు మండేది. సంఘటన లేకుండా శబ్దాన్ని మాత్రమే వినే అదృష్టం నాకలా దొరికింది. దాని ప్రభావం ఈ వ్యాసం మీద ఉందని పాఠకులకి ముందే చెప్పడం మంచిది.

ఆ ఆల్బమ్ మీద నాకో ఫిర్యాదూ ఉంది. అది విడుదలయిన రెండు వారాలకి, ఏప్రిల్ 29న, రాడ్నీ కింగ్ అనే నల్లజాతి యువకుణ్ణి చావగొట్టిన పోలీసులు దోషులు కాదని తీర్పు వచ్చి, వాళ్ళ నగరమే తగలబడింది. ఆల్బమ్ అంతకుముందే తయారైంది కాబట్టి ఆ మంటలు అందులో ఉండవు, నిజమే. కానీ ఆ మంటలకి కారణమైన నగరం అప్పటికే అక్కడుంది. ఇటుకల బరువు గురించి ఇంత బాగా తెలిసిన పాటల్లో జాతి ప్రశ్న దాదాపు వినపడదు. రయట్ గర్ల్ మీదా ఇదే విమర్శ వచ్చింది. మన స్త్రీవాద కవిత్వాన్ని దళిత స్త్రీలు అడిగిన ప్రశ్న కూడా దీనికి దూరపుదేం కాదు. 2003లో గోగు శ్యామల తెచ్చిన ‘నల్లపొద్దు’ పక్కన పెట్టుకుని ‘నీలిమేఘాలు’ చదివితే, మన గొంతు ఎవరెవరి తరఫున పలకలేదో తెలుస్తుంది. కోపం నిజమైనదే కావచ్చు. దాని చూపుకి హద్దులుంటాయి.

వేదిక బయట వాళ్ళు చేసిన పని దగ్గరికొద్దాం. 1991లో ఫెమినిస్ట్ మెజారిటీ ఫౌండేషన్‌తో కలిసి ‘రాక్ ఫర్ చాయిస్’ పేరున గర్భస్రావ హక్కు కోసం కచేరీలు మొదలుపెట్టారు. ఆ అక్టోబరులో హాలీవుడ్‌లోని ప్యాలెస్ హాల్లో జరిగిన మొదటి కచేరీలో నిర్వాణా, హోల్ బృందాలు కూడా వాయించాయి. ఆ తర్వాత 2001దాకా అమెరికాలో చాలాచోట్ల ఈ కచేరీలు జరిగాయి. విచిత్రమేమంటే, వాళ్ళ పాటల్లో ఈ విషయం మీద ఉపన్యాసం వెతికినా కనపడదు. పాటని కరపత్రం చెయ్యలేదు, కరపత్రం పనిని కచేరీ ఏర్పాటుకీ డబ్బు పోగుచెయ్యడానికీ అప్పగించారు. సాహిత్యంలో నిబద్ధత అంటే కవితలో నినాదం ఉండాలా వద్దా అని దశాబ్దాలుగా కొట్టుకుంటున్న మనకి ఈ విభజన ఆలోచించదగ్గది. మన దేశంలో 1971 చట్టం గర్భస్రావాన్ని అనుమతించింది గాని స్త్రీ హక్కుగా కాదు, డాక్టరు అభిప్రాయం మీద ఆధారపడే వెసులుబాటుగా. అమెరికాలో 1973 తీర్పు దాన్ని రాజ్యాంగ హక్కుగా నిలబెట్టింది. 2022 జూన్‌లో అక్కడి సుప్రీంకోర్టే ఆ హక్కుని తీసేసింది. ఎల్7ని 1990ల జ్ఞాపకంగా, పాత టీషర్టు మీది బొమ్మగా మాట్లాడేవాళ్ళకి ఈ తేదీ గుర్తుచెయ్యాలనిపిస్తుంది.

1994 నాటి ‘హంగ్రీ ఫర్ స్టింక్’ని విజయాన్ని కొనసాగించలేకపోయిన ఆల్బమ్‌గా కొట్టిపారేస్తారు. నాకది వాళ్ళ పనిలో అన్నిటికంటే నిజాయితీగా వినిపిస్తుంది. రేడియోకి నచ్చిన స్పష్టతని వదిలి మళ్ళీ మురికిలోకి దిగారు. ‘కెన్ ఐ రన్’ అందులోదే. ఒంటరిగా బయట నడవడానికి, పరిగెత్తడానికి ఆడమనిషి పడే భయం దాని విషయం. వెనక ఎవరో ఉన్నారేమోనని తిరిగి చూసుకోవడం, చేతిలో ఏదో ఒకటి ఆయుధంగా పట్టుకోవడం మనకి తెలిసినవే. ఇంత బరువైన శబ్దం చెయ్యగల స్త్రీలు, వేలమంది మగవాళ్ళ ముందు బెదరని స్త్రీలు, వీధిలో నడవడానికి భయపడుతున్నామని చెప్పడం నన్ను ఆపేసింది. వేదిక మీది ధైర్యం వీధిలోకి వెంట రాదు. మొదట బిగబట్టిన ఊపిరిలా సాగే సంగీతం తర్వాత విరుచుకుపడుతుంది. కానీ ఆ విరుచుకుపడడంలో గెలుపు లేదు. రీడింగ్ సంఘటనని ‘భయంలేని ఆడవాళ్ళు’ అనే శీర్షికకి వాడుకునేవాళ్ళు ఈ పాట వినరు.

మిగతా భాగం డబ్బు కథ. 1996లో జెన్నిఫర్ ఫించ్ వెళ్ళిపోయింది. 1997లో ‘ద బ్యూటీ ప్రాసెస్: ట్రిపుల్ ప్లాటినం’ వచ్చింది. ప్లాటినం అంటే అమెరికాలో పది లక్షల ప్రతులు. మూడు ప్లాటినంలు అనేది అంత ఎప్పుడూ అమ్ముడుపోని బృందం తన మీద తను వేసుకున్న జోకు. అందంగా కనిపించడం కోసం ఆడవాళ్ళు చేసే చాకిరీ కూడా ఆ పేరులో ఉంది. శబ్దంలో రాగం పెరిగింది, కొన్నిచోట్ల పాప్‌కి దగ్గరగా వచ్చింది. ‘బిట్టర్ వైన్’ వంటి పాటలో కోపం కన్నా అలసట ఎక్కువ. తర్వాత కంపెనీ వాళ్ళని వదిలేసింది. 1999లో సొంత లేబుల్ మీద ‘స్లాప్ హ్యాపీ’ చేసుకున్నారు. అందులో శబ్దం పల్చబడింది, సరదా ప్రయోగాలున్నాయి, నాకు పెద్దగా పట్టలేదు.

ఆ ఏడాదే లిలిత్ ఫెయిర్ అనే స్త్రీ గాయకుల సంగీతోత్సవం మీదుగా ఒక అద్దె విమానం వెనక బ్యానరు కట్టి ఎగరేశారు. విసుగ్గా ఉంటే మమ్మల్ని వినండి అని దాని సారం. సాటి ఆడవాళ్ళ మీద ఆ వెటకారం నాకు పూర్తిగా రుచించలేదు. అయితే, ఆడవాళ్ళ కోసమని ప్రత్యేకంగా పెట్టిన వేదిక మీద కూడా ఈ రకం శబ్దానికి చోటు లేకపోవడం అబద్ధం కాదు. ‘స్త్రీల ప్రత్యేక సంచిక’ల్లో ఏ రకం కథలు ముందు పేజీల్లో పడతాయో తెలిసిన రచయిత్రులకి ఇది అర్థమవుతుంది.

2001లో ఆగిపోయారు. పెద్ద ప్రకటనలేం లేవు. చేతిలో డబ్బు లేదు, వెనక కంపెనీ లేదు. వాళ్ళతో పాటు అదే వేదికల మీద వాయించిన మగ బృందాలు రాక్ చరిత్రలోకి ఎక్కుతుంటే, వీళ్ళు పేరు మర్చిపోయిన ఫొటోల్లోకి వెళ్ళారు. సారా ప్రైస్ 2016లో తీసిన డాక్యుమెంటరీ ఎక్కువగా వాళ్ళు పర్యటనల్లో తమని తాము తీసుకున్న వీడియోలతోనే నడుస్తుంది. తీయడానికి డబ్బు అభిమానుల చందాల నుంచి కూడా వచ్చింది. అధికారిక చరిత్ర దాచనిది ఇంట్లో పెట్టెల్లో మిగిలింది. మన తొలితరం రచయిత్రుల ఉత్తరాలూ, అచ్చుకాని రాతప్రతులూ ఎక్కడినుంచి దొరుకుతున్నాయో ‘స్త్రీల సాహిత్య చరిత్ర’ మీద పనిచేసేవాళ్ళని అడగండి.

2015లో ఆ నలుగురే మళ్ళీ వేదికెక్కారు. 2019లో, ఇరవయ్యేళ్ళ తర్వాత, ‘స్కాటర్ ద ర్యాట్స్’ వచ్చింది. జోన్ జెట్ స్థాపించిన బ్లాక్‌హార్ట్ సంస్థ దాన్ని విడుదల చేసింది. పదహారేళ్ళ వయసులో రన్‌అవేస్ బృందంలో గిటార్ పట్టుకుని, ఇరవై మూడు రికార్డు కంపెనీలు కాదన్నా సొంత సంస్థ పెట్టుకున్న స్త్రీ దగ్గరికి వీళ్ళు చేరడం సబబుగానే ఉంది. అప్పటికి డొనీటాకి యాభై ఆరేళ్ళు, సూజీ గార్డ్‌నర్‌కీ డీ ప్లాకస్‌కీ అరవైకి రెండు తక్కువ. ముసలి మగ రాకర్లకి గడ్డం నెరిస్తే గౌరవం పెరుగుతుంది. ఆడవాళ్ళ విషయంలో మాత్రం ‘ఈ వయసులో కూడా’ అని మొదలుపెడతారు. ఆ ఆల్బమ్‌లో నాకు నచ్చింది, వాళ్ళు పాతికేళ్ళ గొంతుని నటించకపోవడం. గొంతు గరుకు పెరిగింది. రిఫ్‌లు పాతవాటికి చుట్టాలే, అయితే వాటిలో తొందర లేదు. ‘బ్రిక్స్ ఆర్ హెవీ’లో నెమ్మది ఎంచుకున్నది. ఇక్కడి నెమ్మది ఒంటికి అలవాటయినది. రెండూ ఒకటి కావు, పక్కపక్కన పెట్టి వింటే తేడా తెలుస్తుంది.